బీచ్ కాటమరాన్ కొనే ముందు తూకం వేయాల్సింది మనుషుల్నే

పాత బీచ్ కాటమరాన్, అంటే రెండు సన్నటి దోనెల మీద నడిచే చిన్న తెరచాప పడవ, కొనేవాళ్లు పొడవు చూస్తారు, ధర చూస్తారు, తెరచాప రంగులు చూసి ముచ్చటపడతారు. దాని మీద ఎంతమంది కూర్చుంటారు, వాళ్లందరి బరువు కలిపితే ఎంత అన్న సంగతి మాత్రం సరస్సు మధ్యకు వెళ్లాక గుర్తొస్తుంది. అప్పటికే పడవ ముక్కులు నీళ్లలో కూరుకుపోతుంటాయి, ఎదురుగాలిలో తిప్పబోతే మొరాయిస్తుంటుంది. పడవ ముసలిదైపోయింది కాబట్టి ఇంతేనని సరిపెట్టుకుంటారు. నిజానికి ఇద్దరి కోసం గీసిన పడవ మీద నలుగురు ఎక్కి ఉంటారు.

డల్లాస్ పరిసరాలనే ఉదాహరణగా తీసుకుందాం. ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్‌లలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. కారెక్కితే లూయిస్‌విల్, గ్రేప్‌వైన్ సరస్సులు దగ్గరే. వసంతంలో దక్షిణం నుంచి గాలి బాగా వీస్తుంది. ముగ్గురు నలుగురు స్నేహితులు తలా కొంత వేసుకుని ఒక పడవ కొనుక్కుందామనుకోవడం మంచి ఆలోచనే. అమ్మకానికి వెతికితే అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది హాబీ 16. చవగ్గా దొరుకుతుంది, విడిభాగాలు దొరుకుతాయి, చూడ్డానికీ బాగుంటుంది. అది మీకు తగినదో కాదో తేలాలంటే ముందు ఆ పడవ ఎలా నిలబడుతుందో తెలియాలి.

కాటమరాన్ అన్న మాట తమిళ 'కట్టుమరం' నుంచి వచ్చింది. దుంగలు పక్కపక్కన పెట్టి కట్టిన ఆ పడవను మన ఉత్తరాంధ్ర తీరంలో తెప్ప అంటారు. ఇప్పుడు మాట్లాడుకుంటున్నది ఆ జాతి కాదు. దోనెల్లాంటి రెండు సన్నటి హల్‌లు, వాటిని కలుపుతూ ముందొకటి వెనకొకటి అడ్డ దూలాలు, మధ్యలో బిగించి కట్టిన ట్రాంపొలిన్ గుడ్డ, తెరచాపను మోస్తూ నిలువునా ఒక మాస్టు. పేరు తమిళానిది, రెండు హల్‌ల అమరిక పసిఫిక్ దీవులది.

ఒకే హల్ ఉన్న పెద్ద పడవకు అడుగున బరువైన కీల్ ఉంటుంది. బీచ్ కాటమరాన్‌కు అలాంటిదేమీ లేదు. దాన్ని నిలబెట్టేది దాని వెడల్పు, మీ ఒంటి బరువు. హాబీ 16 బరువు 145 కిలోలు. గాలి తోసి ఒక హల్ పైకి లేస్తే బరువంతా కిందనున్న రెండో హల్ మీదే ఉంటుంది. పడవ సొంత బరువు ఆ హల్‌కు సుమారు 1.1 మీటర్ల దూరంలో పనిచేస్తుంది: 145 ఇంటూ 1.1, అంటే దాదాపు 160. గాలి వచ్చే వైపు అంచున కూర్చున్న 75 కిలోల మనిషి అదే హల్‌కు సుమారు 2.2 మీటర్ల దూరంలో ఉంటాడు: 165. అంచున కూర్చున్న ఒక్క మనిషి మొత్తం పడవ చేసేంత పని చేస్తున్నాడన్నమాట. అతనే ట్రాపీజ్ తీగకు వేలాడుతూ అంచు మీద నిలబడి బయటికి వాలితే ఆ దూరం ఇంకో మీటరు దాకా పెరుగుతుంది.

గాలి తోపు వేగం వర్గంతో పెరుగుతుంది. 8 నాట్ల గాలి (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) 16 నాట్లయితే తోపు రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. 8 నాట్లలో నలుగురూ మధ్యలో కాళ్లు చాపుకుని కబుర్లు చెప్పుకోవచ్చు. 16లో ఇద్దరు అంచుకు రావాలి, వాళ్లలో ఒకరు తెరచాప తాడు చేతిలోనే పట్టుకుని ఉండాలి. మిగతా ఇద్దరు ఏం చేస్తారు? బరువు ఎక్కువుంటే పడవ బోల్తా పడదు కదా అని చాలామంది అనుకుంటారు. పక్కకు బోల్తా పడే అవకాశం కొంత తగ్గుతుంది, నిజమే. ముక్కు మునిగి ముందుకు పల్టీ కొట్టే అవకాశం పెరుగుతుంది.

ఈ పల్టీయే హాబీ 16 అసలు బలహీనత. హాబీ ఆల్టర్, ఫిల్ ఎడ్వర్డ్స్ కలిసి గీసిన ఈ పడవ 1970 ప్రాంతంలో కాలిఫోర్నియా నుంచి వచ్చింది. ఇప్పటికి లక్షకు పైగా తయారయ్యాయి. అలల్లోంచి ఇసుక మీదికి నేరుగా తోలుకురావాలన్నది దాని ఉద్దేశం. అందుకే అడుగున దింపే డ్యాగర్‌బోర్డులు పెట్టలేదు. హల్‌లు అరటికాయలా వంగి ఉంటాయి, ఒక్కో హల్ రెండు పక్కలూ ఒకేలా ఉండవు. ఆ వంపు వల్లే బోర్డు లేకపోయినా పడవ పక్కకు ఎక్కువగా జారదు. అయితే ముక్కులు సన్నం, వాటిలో తేలే శక్తి తక్కువ. గాలి వెనక నుంచి గట్టిగా కొట్టినప్పుడు కింది ముక్కు నీళ్లలోకి దిగిందంటే పడవ ఒక్కసారిగా ఆగుతుంది, వెనక భాగం గాల్లోకి లేస్తుంది, ట్రాంపొలిన్ మీదున్నవాళ్లు ముందుకు ఎగిరిపడతారు. ఇద్దరే ఉంటే వెనక్కి జరిగి, జిబ్ (మాస్టు ముందుండే చిన్న తెరచాప) వదులు చేసి తప్పించుకోగలరు. నలుగురుంటే వెనక చోటు ఉండదు.

హాబీ 16 గరిష్ఠంగా సుమారు 360 కిలోలు మోయగలదని లెక్క. 75 కిలోల మనుషులు నలుగురంటే 300. కాగితం మీద సరిపోయింది. కానీ ఆ అంకె పడవ తేలడానికి సంబంధించినది, హాయిగా నడవడానికి కాదు. ఈ పడవ బాగా నడిచేది 130 నుంచి 150 కిలోలతో, అంటే ఇద్దరితో. ముగ్గురితో, అందులో ఒకరు పిల్లవాడైతే, మంచి గాలిలో నడుస్తుంది. నలుగురు పెద్దవాళ్లతో నడిచే పడవ కాదు. తెరచాప అడుగున ఉండే అడ్డ కర్ర, అంటే బూమ్, కిందుగా ఉంటుంది కాబట్టి పడవ తిరిగిన ప్రతిసారీ నలుగురూ తలలు వంచి, ఒకరి మోకాళ్ల మీదుగా ఒకరు అవతలికి పాకాలి.

మరి నలుగురికి ఏది? మా అభిప్రాయంలో స్నేహితుల గుంపుకు మొదట వెతకాల్సింది హాబీ గెటవే. పొడవు హాబీ 16 అంతే, సుమారు 5 మీటర్లు. బరువు 177 కిలోలు, మోయగలిగేది దాదాపు 450 కిలోలు. హల్‌లు లావుగా, గుండ్రంగా ఉంటాయి. మాస్టుకు ముందు కూడా ఒక చిన్న ట్రాంపొలిన్ ఉంటుంది. తేలికపాటి గాలిలో పిల్లలు అక్కడ పడుకుని నీళ్లు చూడొచ్చు. జిబ్‌ను తాడు లాగి చుట్టేయొచ్చు. గాలి పెరిగినప్పుడు ఈ ఒక్క వసతే కొత్తవాళ్లకు సగం ధైర్యం. మాస్టు కొనన తేలే బుంగ ఉంటుంది కాబట్టి బోల్తా పడ్డా పూర్తిగా తలకిందులు కాదు. వేగంలో మాత్రం హాబీ 16కు వెనకే.

ఇద్దరు ముగ్గురే వెళ్తారు, ఎవరికీ అనుభవం లేదు అంటే హాబీ వేవ్ చాలు. పొడవు 13 అడుగులు, బరువు 111 కిలోలు, ఒకే తెరచాప, తలకు తగిలే బూమ్ లేదు. పొట్టిదైనా హాబీ 16 మోసేంత బరువే మోస్తుంది. హల్‌ల లావు వల్ల వచ్చిన తేడా అది. మాస్టు ఎత్తి తెరచాప కట్టడానికి అరగంట పడుతుంది, హాబీ 16కు అలవాటు లేనివాళ్లకు గంట దాటుతుంది.

హాబీ 18 సంగతి వేరు. పెద్ద హల్‌లు, డ్యాగర్‌బోర్డులు, 180 కిలోల బరువు. ముగ్గురు పెద్దవాళ్ల బరువును లెక్కచేయదు. మాగ్నమ్ అన్న రకంలో రెండు పక్కలా రెక్కల్లాంటి సీట్లుంటాయి. అంచున వీపు నొప్పి లేకుండా కూర్చోవచ్చు. అయితే 8.5 మీటర్ల మాస్టును ఎత్తడం ఇద్దరికీ కష్టమే. బోర్డుల సంగతి కూడా ఆలోచించాలి. లూయిస్‌విల్ లాంటి జలాశయాల్లో నీటిమట్టం తగ్గితే అడుగునున్న మొద్దులు, బురద దిబ్బలు పైకొస్తాయి. దింపిన బోర్డు వేటికైనా తగిలితే దాన్ని పట్టి ఉంచే గాడి పగులుతుంది. బోర్డులు ఎదురుగాలిలో బాగా పనికొస్తాయి. మీ సరస్సు లోతు తెలుసుకున్నాకే వాటివైపు వెళ్లండి. ప్రిండిల్ 18కు బోర్డులు లేవు, హాబీ 16 కంటే బరువు మోస్తుంది, తరచూ చవగ్గా కూడా వస్తుంది. తయారీ ఎప్పుడో ఆగిపోయింది. చుక్కాని బిగించే ఒక లోహపు ముక్క విరిగితే అలాంటిదే మరో పాత పడవను వెతుక్కోవాలి. నాక్రా 5.8, ఫార్ములా 18 వంటివి పందేలవాళ్ల పడవలు. ఎంత తక్కువకు వచ్చినా మొదటి పడవగా వద్దు.

గెటవే, వేవ్‌ల హల్‌లు అచ్చులో తిప్పి పోసిన పాలిథిలీన్ ప్లాస్టిక్. గులకరాళ్ల మీద లాగినా గీతలు పడతాయి గానీ పగలవు. ఎండలో ట్రైలర్ మీద నెలల తరబడి ఉంటే రోలర్ ఆనినచోట సొట్ట పడుతుంది. నిజంగా పగిలితే మాత్రం ఏ జిగురూ దానికి సరిగా అంటుకోదు, ప్లాస్టిక్ వెల్డింగ్ చేయించాలి. హాబీ 16, 18, ప్రిండిల్, నాక్రాలవి ఫైబర్‌గ్లాస్. మరమ్మతుకు లొంగుతుంది, కానీ లోపల కుళ్లినా పైకి నిగనిగలాడుతుంది. పాత ఫైబర్‌గ్లాస్ పడవ కొనేటప్పుడు అసలు పరీక్ష అదే.

హాబీ 16 హల్ అంటే రెండు పలుచటి ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య ఫోమ్. ఏళ్ల తరబడి కదిలీ కదిలీ పొర ఫోమ్ నుంచి విడిపోతుంది. ఎక్కువగా విడిపోయే చోటు ముందు దూలం హల్‌కు ఆనే చోటుకు కాస్త ముందు, డెక్ మీద. అక్కడి నుంచి ముక్కు వైపు రెండడుగుల మేర బొటనవేలితో గట్టిగా నొక్కుతూ వెళ్లండి. గట్టి డెక్ కదలదు. విడిపోయిన చోట లోపలికి దిగుతుంది, చిటపటమన్న చప్పుడు వస్తుంది. తర్వాత ఒక నాణెంతో హల్ పొడవునా తట్టండి. బాగున్నచోట 'టక్ టక్' అని తేటగా వినిపిస్తుంది, చెడినచోట 'డబ్ డబ్' అని మొద్దుబారుతుంది. పుచ్చకాయ తట్టి చూసే చెవి ఉన్నవాళ్లకు ఇది కొత్త కాదు. అరచేయంత మేర చెడితే 3 మిల్లీమీటర్ల రంధ్రాలు అంగుళానికొకటి చొప్పున పై పొరకు మాత్రమే వేసి, పలుచటి ఎపాక్సీ జిగురు సిరంజితో ఎక్కించి, పైన బరువు పెట్టి ఆరనిస్తే సరిపోతుంది. మూరెడు మేర, అదీ దూలం దగ్గరే మెత్తబడితే ఆ పడవ ఊరికే ఇచ్చినా తీసుకోకండి. గట్టి గాలిలో హల్ విరిగేది అక్కడే.

అడుగు కూడా చూడాలి. ఇసుక మీద లాగీ లాగీ హల్ అడుగు అంచు అరిగి బల్లపరుపుగా అవుతుంది. రెండు వేళ్ల వెడల్పు మించి అరిగిందంటే అక్కడ ఫైబర్‌గ్లాస్ పొరలు వేసుకోవాలి. పని కష్టం కాదు, కానీ రెండు వారాంతాలు పోతాయి, ఆ మేరకు ధర తగ్గించమనండి.

ఒక హల్ ముక్కు పట్టుకుని ఎత్తండి. రెండో ముక్కు కూడా వెంటనే లేవడం మొదలైతే చట్రం బిగువుగా ఉంది. మొదటిది జానెడు లేచినా రెండోది నేల వదలకుండా దూలాలు కిర్రుమంటుంటే, దూలాలను మోస్తూ హల్‌లోకి దిగిన నిలువు కాళ్లు వదులయ్యాయి. కొంత వదులు ట్రాంపొలిన్ తాళ్లు బిగిస్తే పోతుంది. కాళ్లే హల్‌లో తిరుగుతుంటే ఎపాక్సీ పని పడుతుంది.

హల్‌లోకి నీరు దిగుతుందా అన్నది అమ్మేవాడి మాట మీద నమ్మాల్సిన విషయం కాదు. వెనక నీరు తీసే బిరడా విప్పి, ఆ రంధ్రంలోకి గాలి ఊదే వాక్యూమ్ గొట్టాన్ని వదులుగా ఆనించి, హల్ అంతా సబ్బునీళ్లు చల్లితే బుడగలు చెబుతాయి. టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్ మాత్రం ఎప్పుడూ వాడకండి, ఆ ఒత్తిడికి డెక్ అతుకు విచ్చుకుంటుంది.

ట్రాంపొలిన్ గుడ్డ కంటే ముందు దాని కుట్లు ఎండకు చచ్చిపోతాయి. కుట్టు దారాన్ని గోటితో గీరితే పొడి రాలితే కొత్తది కొనక తప్పదు; నలుగురు కూర్చునేది దాని మీదే. మాస్టును నిలబెట్టే ఉక్కు తీగల మీద పాత గుడ్డ పెట్టి లాగండి. దారం పట్టుకుందంటే లోపల ఒక పోగు తెగింది. వాటి వయసు తెలియకపోతే మంచిగా కనిపించినా అన్నీ మార్చేయండి, ఒక తీగ తెగితే మాస్టు మనుషుల మీదే పడుతుంది. చుక్కానులు పూర్తిగా కిందికి దిగి లాక్ అవుతున్నాయో లేదో చూడండి. హాబీ చుక్కాని నడపలేనంత బరువుగా ఉందని వినిపించే ఫిర్యాదులో ఎక్కువ భాగం, అది చివరి రెండంగుళాలు దిగకపోవడం వల్లే.

మాస్టు విషయంలో ఒక్క మాట గట్టిగా చెప్పాలి. హాబీ 16 మాస్టు 8 మీటర్ల పైచిలుకు అల్యూమినియం గొట్టం. గట్టు మీద కరెంటు తీగలకు తగిలి మనుషులు చనిపోయిన ఘటనల తర్వాత 1980లలో కంపెనీ మాస్టు పైభాగాన్ని విద్యుత్తు పారని ఫైబర్‌గ్లాస్‌తో చేయడం మొదలుపెట్టింది. దాన్ని కాంప్‌టిప్ అంటారు. అంతకు ముందటి మాస్టులు ఇంకా అమ్మకానికి వస్తుంటాయి. పైముక్క వేరే రంగులో ఉందో లేదో చూడండి. ఉన్నా సరే, మాస్టు ఎత్తే ముందూ, ఎత్తిన పడవను తోసుకెళ్లే దారంతా తలెత్తి తీగలు చూడడం మానకండి. పడవ దింపే రేవుల దగ్గర పార్కింగ్ స్థలాల మీదుగా తీగలు పోవడం అరుదేమీ కాదు.

ఇక బోల్తా. కాటమరాన్ నడిపేవాళ్లు ఎప్పుడో ఒకసారి నీళ్లలో పడతారు, కాబట్టి కొనే ముందే లెక్క చూసుకోవాలి: మీ బరువుతో ఆ పడవ తిరిగి లేస్తుందా? హాబీ 16 లేవాలంటే తాడుకు వేలాడేవాళ్ల బరువు సుమారు 135 కిలోలు ఉండాలి. 60, 55 కిలోల దంపతులకు అది లేవదు. నీళ్లు నింపి భుజానికి తగిలించుకునే సంచి ఒకటి కొనుక్కోవాలి, లేదా చిన్న పడవ చూసుకోవాలి. పడగానే మొదట పెద్ద తెరచాప తాడు (మెయిన్ షీట్), జిబ్ తాడు (జిబ్ షీట్) రెండూ కొక్కేల నుంచి వదిలేయండి. ఒకరు కింది హల్ ముక్కు పట్టుకుని నీళ్లలో వేలాడితే పడవ మెల్లగా గాలికి ఎదురు తిరుగుతుంది. తర్వాత పై హల్ మీదుగా తాడు వేసి, కింది హల్ మీద నిలబడి, వెల్లకిలా వాలండి. కంగారుగా గుంజితే లాభం లేదు. తెరచాప మీద నీరు జారేదాకా అర నిమిషం, నిమిషం ఓపిక పట్టాలి. గాలి తెరచాప కిందికి దూరగానే పడవ ఒక్కసారిగా లేస్తుంది. అప్పుడు ముందు దూలాన్ని గట్టిగా పట్టుకోకపోతే అది రెండో వైపు పడిపోతుంది, లేదా మిమ్మల్ని వదిలేసి వెళ్లిపోతుంది. ఈత ఎంత బాగా వచ్చినా పడవను వదలకూడదు. గాలికి కొట్టుకుపోయే కాటమరాన్‌ను ఈతగాడు అందుకోలేడు.

లోతు తక్కువ చోట పూర్తిగా తలకిందులైతే మాస్టు బురదలో గుచ్చుకుంటుంది. గుంజి లేపబోతే వంగుతుంది. మాస్టు కొనకు తేలే బుంగ కట్టుకోవడం చూడ్డానికి బాగుండదని కొందరు మానేస్తారు. కొత్తవాళ్లు తప్పకుండా కట్టుకోవాలి.

బరువు ప్రభావం అందరికీ కనిపించే మరో చోటు ఎదురుగాలిలో మలుపు. సన్నటి రెండు హల్‌లు నీళ్లలో గాడి తీస్తూ పోతాయి, తిరగడం వాటికి ఇష్టం ఉండదు. వేగం ఉన్నప్పుడే మొదలుపెట్టి, చుక్కానిని నెమ్మదిగా తిప్పండి. ఒక్కసారి గుంజితే అది బ్రేకులా పనిచేస్తుంది. ముక్కు గాలిని దాటేవరకు జిబ్ పాత వైపే ఉంచండి, ఆ గాలే ముక్కును అవతలికి తోస్తుంది. దాటుతుండగా మెయిన్ తాడు రెండడుగులు వదలండి. మధ్యలో ఆగి వెనక్కి జారడం మొదలైతే బూమ్‌ను ఒక పక్కకు తోసి పట్టుకుని, చుక్కాని పిడిని కూడా అదే పక్కకు తోసి ఉంచితే పడవ వెనక్కి పోతూనే తిరుగుతుంది. నలుగురు వెనకే కూర్చున్న హాబీ 16 ఈ పనుల్లో వేటికీ సరిగా స్పందించదు.

కాగితాల సంగతి టెక్సస్‌లో కష్టం కాదు. 14 అడుగులు, అంతకు మించిన తెరచాప పడవలకు పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. మోటారు లేని హాబీ వేవ్ 13 అడుగులే కాబట్టి దానికి అవసరం లేదు. పడవ కాగితాలు వేరు, ట్రైలర్ కాగితాలు వేరు. రెండూ అమ్మేవాడి పేరు మీదే ఉన్నాయో లేదో చూడండి. ప్రతి మనిషికీ ఒంటికి సరిపడే లైఫ్ జాకెట్ ఉండాలి, 13 ఏళ్ల లోపు పిల్లలు దాన్ని వేసుకునే ఉండాలి. 16 అడుగులు, అంతకు మించితే విసరగలిగే తేలుడు వస్తువు కూడా ఒకటి కావాలి. హాబీ 16, గెటవే రెండూ 16 అడుగుల 7 అంగుళాలు. 1993 సెప్టెంబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు 14 అడుగులు దాటిన తెరచాప పడవ నడపాలంటే బోటింగ్ కోర్సు చేసి ఉండాలి. కలిసి కొనే గుంపులో ఈ నిబంధన చాలామందికి వర్తిస్తుంది. లూయిస్‌విల్ సరస్సులో జీబ్రా మసెల్ అనే గవ్వ జాతి వ్యాపించింది. అందువల్ల రేవు వదిలే ముందే హల్‌ల బిరడాలు తీసి నీళ్లన్నీ కార్చేయడం చట్టం. తిరిగి నీళ్లలోకి తోసే ముందు ఆ బిరడాలు పెట్టారో లేదో చూసే బాధ్యత గుంపులో ఒక్కరి పేరు మీదే ఉంచండి. అందరి పని అనుకుంటే ఎవరూ పెట్టరు, సరస్సు మధ్యలో ఒక హల్ బరువెక్కడం మొదలవుతుంది.

పడవ ఎక్కడ ఉంచుతారన్నది కొనే రోజుకు ముందే తేల్చుకోవాలి. మాస్టు నిలబెట్టి ఉంచనిచ్చే గట్టు సరస్సు పక్కన దొరికితే నెలసరి అద్దె బరువైనా తీసుకోండి. ప్రతి ఆదివారం ట్రైలర్ లాగి, మాస్టు ఎత్తి, తెరచాప కట్టి, సాయంత్రం మళ్లీ అన్నీ విప్పాలంటే నలుగురిలో ఇద్దరు రెండో నెలకే రావడం మానేస్తారు. అలాంటి చోటు దొరకనప్పుడు గెటవే కంటే వేవ్ మేలు, నలుగురూ ఒకేసారి ఎక్కకుండా ఇద్దరిద్దరుగా వంతులేసుకోవాల్సి వచ్చినా సరే.